స్వతంత్ర సహజవాయు సంస్థ వృద్ధి ప్రణాళికను ఎలా రాసుకోవాలి

హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. అందులో సహజవాయువు దొరకదు. అయినా కృష్ణా గోదావరి బేసిన్‌లోని బావులకు, పైపులైన్లకు, కంప్రెషర్లకు సంబంధించిన లెక్కలు వేసేవారిలో చాలామంది ఈ నగరంలోనే ఉన్నారు. ఉప్పల్‌లో 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పనిచేస్తోంది. ఉస్మానియాలో భూభౌతిక శాస్త్రం చదివినవారు దేశంలోని ప్రతి చమురు సంస్థలోనూ కనిపిస్తారు. ఇతరుల కోసం పైపులైన్లు వేసి, ప్లాంట్లు కట్టి అనుభవం గడించిన ఇక్కడి నిర్మాణ సంస్థలు సొంతంగా చిన్న క్షేత్రాలు తీసుకునే దశకు వచ్చాయి. అలాంటి సంస్థలో వచ్చే అయిదారేళ్ల వృద్ధి ప్రణాళిక రాసే బాధ్యత మీద పడిన ఇంజనీరును, ఆర్థిక విభాగపు ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను.

స్వతంత్ర ఉత్పత్తి సంస్థ అంటే భూమిలోంచి వాయువు తీసి అమ్మడమే జీవనాధారమైన సంస్థ. దానికి రిఫైనరీ ఉండదు, పెట్రోలు బంకులు ఉండవు, నష్టం వచ్చిన ఏడాది ఆదుకునే ప్రభుత్వ ఖజానా ఉండదు. కాబట్టి పెద్ద సంస్థల ప్రణాళికను చిన్న కొలతకు కుదించి రాసుకుంటే సరిపోదు. ఇలాంటి పత్రాలను కొన్నేళ్లుగా చదువుతూ, రాస్తూ వచ్చిన నాకు ఒక విషయం స్థిరపడింది: వాటిలో చాలావరకు భూగర్భంలో ఎంత వాయువు ఉందన్న అంచనాతో మొదలై, దాన్ని కొనేవారి ప్రస్తావనతో ముగుస్తాయి. ఆ వరుసను తలకిందులు చేయాలి. కొనేవారు ఎవరు, వారిదాకా చేర్చే దారి ఏది, ఆ దారి పొడవునా అయ్యే ఖర్చుకు డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకున్న తరువాతే ఏ బావి తవ్వాలో నిర్ణయించుకోవాలి.

ఉన్నచోట నిలబడడానికి ఎంత కావాలి

మొదటి పేజీలో రాయవలసింది వృద్ధి రేటు కాదు, తరుగుదల రేటు. వాయు బావి తెరిచిన రోజు నుంచే దానిలోని ఒత్తిడి తగ్గడం మొదలవుతుంది, దానితోపాటే ఉత్పత్తి కూడా. మంచి ఇసుకరాతి క్షేత్రంలో ఈ తరుగుదల నెమ్మదిగా సాగవచ్చు. అమెరికాలో షేల్ అనే పలుచని పొరల రాతిలో తవ్విన బావుల్లో మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోవడం మామూలు. ఈ లెక్క వేయకుండా ఉత్పత్తిని రెట్టింపు చేస్తామని రాసే పత్రం, ఇంటి అద్దె లెక్కపెట్టకుండా పొదుపు ప్రణాళిక వేసుకున్నట్టే ఉంటుంది.

ఒక ఊహాజనిత సంస్థను తీసుకుని లెక్క వేసి చూద్దాం. అది భూతలంపై ఉన్న క్షేత్రం నుంచి రోజుకు 2 లక్షల ఘనపు మీటర్ల వాయువు అమ్ముతోందనుకోండి. వాయువును వేడి లెక్కన అమ్మే కొలమానం ఎంఎంబీటీయూ, అంటే పది లక్షల బ్రిటిష్ ఉష్ణ యూనిట్లు; ఒక ఎంఎంబీటీయూ సుమారు 26 లేక 27 ఘనపు మీటర్లు కాబట్టి రోజుకు దాదాపు 7,500 ఎంఎంబీటీయూలు. ధర 6 డాలర్లు, డాలరుకు 85 రూపాయలు అనుకుంటే రోజుకు 38 లక్షల రూపాయల పైచిలుకు, ఏడాదికి సుమారు 140 కోట్లు. ఇందులో భూతల క్షేత్రాలకు వర్తించే 10 శాతం రాయల్టీ, ప్రభుత్వానికి ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిన వాటా, క్షేత్ర నిర్వహణ, రవాణా, వడ్డీ, కార్యాలయ ఖర్చులు పోగా 70 కోట్లు మిగిలాయనుకుందాం. ఉత్పత్తి ఏటా 20 శాతం తగ్గుతుంటే రోజుకు 40,000 ఘనపు మీటర్లను కొత్తగా సంపాదిస్తేనే సంస్థ ఉన్నచోట నిలుస్తుంది. ఒక్కో కొత్త బావి మొదట్లో రోజుకు 25,000 ఇస్తుందనీ, దానికి 25 కోట్లు అవుతుందనీ అనుకుంటే ఏటా రెండు బావులు, అంటే 50 కోట్లు, కేవలం నిలబడడానికే కావాలి. వృద్ధికి మిగిలేది 20 కోట్లు.

ఇప్పుడు ధరను ఒకటిన్నర డాలరు తగ్గించి అదే లెక్క మళ్లీ వేయండి. ఆదాయం 35 కోట్లు పడిపోతుంది. రాయల్టీ, ప్రభుత్వ వాటా కూడా కొంత తగ్గుతాయి కనుక చేతికి 40 నుంచి 45 కోట్లు వస్తాయి. అవి నిలబడడానికి కావలసిన 50 కోట్లకే చాలవు. ఈ అంకెలన్నీ ఉదాహరణకు వేసుకున్నవే, మీ సంస్థవి వేరుగా ఉంటాయి. కానీ ఈ పట్టిక లేకుండా పాలకమండలి ముందుకు వెళ్లకూడదు. ధర పడినప్పుడు మొదట ఏది ఆపాలో, ఏది ఎన్నటికీ ఆపకూడదో తెలిసేది దీనివల్లనే.

నిల్వ అన్న మాటను ఎవరి నోట విన్నా మూడు ప్రశ్నలు

అంతర్జాతీయంగా నిల్వలను మూడు తరగతులుగా చెబుతారు: ఆ పరిమాణం దొరికే అవకాశం కనీసం 90 శాతం ఉంటే నిరూపితం, దానికి సంభావ్య నిల్వను కలిపిన మొత్తం దొరికే అవకాశం 50 శాతం, సాధ్యమైనదాన్ని కూడా కలిపితే 10 శాతం. ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు అది ఏ తరగతిది, రాతిలో మొత్తం ఉన్నదా లేక బయటికి తీయగలిగేదా, ఏ ధర దగ్గర లాభసాటి అని అడగాలి. ఈ మూడింటికీ జవాబు రాని అంకెను ప్రణాళికలోకి రానివ్వకూడదు.

ఇది పుస్తకాల జాగ్రత్త కాదు; మన తీరమే దీనికి సాక్ష్యం. కాకినాడ ఎదుట సముద్రంలో, కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 అనే బ్లాకులో 2002లో కనుగొన్న ధీరూభాయి 1, 3 క్షేత్రాల నుంచి 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆమోదించిన ప్రణాళిక ప్రకారం అది రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లకు చేరాలి. 2010లో 6 కోట్ల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి దిగజారింది. తీయగలిగిన నిల్వ 10 లక్షల కోట్ల ఘనపుటడుగులని వేసిన అంచనాను తరువాత సుమారు 3 లక్షల కోట్లకు తగ్గించారు. బావుల్లోకి నీరు, ఇసుక చేరడం ఒక కారణమైతే, అనుకున్నన్ని బావులు తవ్వలేదన్న వివాదం ఏళ్లతరబడి నడిచింది. ఆ వాయువును నమ్ముకుని వేమగిరి, కొండపల్లి పరిసరాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక నిలిచిపోయాయి. వాటికి అప్పిచ్చిన బ్యాంకుల నుంచి వాటిలో ఉద్యోగం చేసిన కుటుంబాల దాకా ఒక అంచనా తప్పిన ఫలితాన్ని ఎంతమంది మోశారో తలచుకుంటే, నిల్వల అంకెను అజాగ్రత్తగా రాయడానికి చేయి రాదు.

అందువల్ల నేను పాటించే పద్ధతి ఇది: అప్పు తీర్చే లెక్కను నిరూపిత నిల్వ మీద మాత్రమే వేయాలి, వృద్ధి అంచనాను రెండవ తరగతి అంకె మీద వేయవచ్చు, మూడవ తరగతిని అనుబంధంలో తప్ప ఎక్కడా చూపకూడదు. అంచనా వేసే నిపుణుడు సంస్థకు బయటివాడై ఉండాలి, బావులు తవ్వే నిర్ణయంలో అతనికి ఎలాంటి ఆసక్తీ ఉండకూడదు.

కొనేవారి దగ్గర మొదలుపెట్టాలి

చమురును ట్యాంకులో పోసి మంచి ధర వచ్చేదాకా కొన్నాళ్లు ఆగవచ్చు. వాయువును అలా ఉంచలేం. అది బావి నుంచి బయటికి వచ్చిన క్షణం నుంచి కదులుతూనే ఉండాలి, కదిలే దారి లేకపోతే బావిని మూయాలి లేదా వచ్చిన వాయువును వృథాగా మండించాలి. ఈ వ్యాపారంలో పైపులైను లేని వాయువుకు విలువ లేకపోవడమే కాదు, ఒక్కోసారి ఎదురు డబ్బు ఇవ్వవలసి వస్తుంది. అమెరికాలోని పశ్చిమ టెక్సాస్‌లో వాహా అనే కేంద్రం దగ్గర 2019లోనూ ఆ తరువాత కూడా ధర సున్నాకు దిగువకు వెళ్లింది. అక్కడ చమురుతోపాటు వచ్చే వాయువు పెరిగినంత వేగంగా పైపులైన్లు పెరగకపోవడమే అందుకు కారణం. అదే సమయంలో కొన్ని వందల మైళ్ల దూరంలో అదే వాయువుకు మంచి ధరే పలికింది.

కనుక ప్రణాళికలో మొదటి పటం భూగర్భ పటం కాకూడదు. మీ క్షేత్రం చుట్టూ 100 కిలోమీటర్ల వలయం గీసి, అందులో వేడి అవసరమైన పరిశ్రమలు, ఎరువుల కర్మాగారాలు, నగర వాయు పంపిణీ సంస్థల మదర్ స్టేషన్లు (వాయువును ఒత్తిడితో నింపి పంపే ప్రధాన కేంద్రాలు), పెద్ద పైపులైన్ల వాల్వు స్టేషన్లు గుర్తించండి. ఒక్కొక్కరి అవసరం ఒక్కో తీరులో ఉంటుంది. రామగుండంలో 2021లో తిరిగి మొదలైన యూరియా కర్మాగారం వంటి కొనుగోలుదారుకు పగలూ రాత్రీ ఒకే పరిమాణం కావాలి. సరఫరా తగ్గితే యూనిట్ ఆగిపోతుంది కాబట్టి చిన్న ఉత్పత్తిదారు ఒక్కడే అలాంటివారికి మాట ఇవ్వకూడదు. నగర పంపిణీ సంస్థల సంగతి వేరు. హైదరాబాదులో 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ సరఫరా చేసే సీఎన్‌జీని ఆటోలు, బస్సులు రోజంతా కొంచెం హెచ్చుతగ్గులతో వాడతాయి. ఇళ్లకు ఇచ్చే పైపు గ్యాసు ఉదయం, సాయంత్రం పెరుగుతుంది. ఇలాంటి కొనుగోలుదారు పరిమాణంలో కొంత వెసులుబాటు ఇస్తాడు, ధర కూడా పెట్రోలుతో పోల్చి చూస్తాడు కాబట్టి మెరుగ్గా ఇవ్వగలడు. ఫర్నేస్ ఆయిల్, ప్రొపేన్ వాడే కర్మాగారాలు ఇంకా మంచి ధర ఇస్తాయి. అయితే ఆ ఇంధనాలు చవకైన నెలలో ఒప్పందాన్ని మరచిపోయే ప్రమాదం కూడా వారి దగ్గరే ఎక్కువ. కనీస పరిమాణం తీసుకున్నా, తీసుకోకపోయినా దానికి డబ్బు చెల్లించాలన్న నిబంధన ఈ ఒప్పందాలకు ప్రాణం. దాన్ని రాయించుకోవడం సగం పని మాత్రమే, బ్యాంకు గ్యారంటీ తీసుకోవడం మిగతా సగం.

పైపులైను విషయంలో చిన్న సంస్థ తరచూ చేసే పొరపాటు, బావి ఫలితం తెలిశాక అనుసంధానానికి దరఖాస్తు పెట్టడం. భూమి సేకరణ, కాలువల దాటింపు, రోడ్డు కోత అనుమతులు, పైపులైను యజమాని సాంకేతిక ఆమోదం, ఇవన్నీ కలిసి బావి తవ్వకానికి పట్టే కాలం కంటే ఎక్కువ తీసుకుంటాయి. నేను దగ్గర నుంచి చూసిన ఒక చిన్న సంస్థ రెండు మంచి బావులు తవ్వి, 9 కిలోమీటర్ల గొట్టం కోసం దాదాపు రెండేళ్లు వాటిని మూసి ఉంచింది. ఆ రెండేళ్లూ అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు. ఆ రోజుల్లో ఆ ఆర్థికాధికారి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తవ్వకానికి రిగ్గు రాకముందే అనుసంధానం పనులు మొదలుపెట్టడానికి అయ్యే ఖర్చు, బావి విఫలమైతే పోతుంది. ఆ నష్టాన్ని ముందే ఒప్పుకుని బడ్జెట్‌లో రాసుకోవడం మంచిది.

పైపులైను దగ్గరలో లేకపోతే వాయువును 200 బార్‌కు పైగా ఒత్తిడికి తెచ్చి, వరుసగా కలిపిన సిలిండర్లలో (కాస్కేడ్లలో) నింపి లారీల మీద పంపే దారి ఉంది. గోదావరి జిల్లాల్లో ఒంటరి బావులకు ఇది అక్కరకొచ్చే పద్ధతి. ఖర్చు ఎక్కువ, పరిమాణం తక్కువ; కానీ బావి అసలు సామర్థ్యం ఏమిటో కొన్ని నెలలు నడిపి తెలుసుకునే అవకాశం ఇస్తుంది, ఆ సమాచారంతోనే గొట్టానికి పెట్టుబడి పెట్టవచ్చో లేదో నిర్ణయించుకోవచ్చు. నా దృష్టిలో ఆ సమాచారమే దాని అసలు లాభం.

ధర మీద భ్రమలు లేకుండా

మన దేశంలో వాయువు ధర ఒకటి కాదు. ప్రభుత్వ సంస్థలకు వేలం లేకుండా కేటాయించిన పాత నామినేషన్ క్షేత్రాల వాయువుకు 2023 ఏప్రిల్ నుంచి భారత ముడిచమురు సగటు ధరలో 10 శాతం అనే సూత్రాన్ని పెట్టి, ఎంఎంబీటీయూకు 4 డాలర్ల కనిష్ఠ పరిమితిని, 6.5 డాలర్ల గరిష్ఠ పరిమితిని మొదట నిర్ణయించారు. లోతైన సముద్రం, అధిక ఒత్తిడి, అధిక ఉష్ణోగ్రత ఉన్న క్షేత్రాలకు 2016 నుంచి వేరే పరిమితి ఉంది. కనుగొన్న చిన్న క్షేత్రాల విధానం కింద, 2016 నాటి కొత్త అన్వేషణ విధానం కింద తీసుకున్న బ్లాకులకు మాత్రం ధర, మార్కెటింగ్ స్వేచ్ఛ ఉన్నాయి. చిన్న సంస్థకు ఇది పెద్ద వరం. అయితే స్వేచ్ఛ అంటే ఎక్కువ ధర అని అర్థం కాదు. అంతర్జాతీయ మార్కెట్లో ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చి ఓడల్లో పంపే వాయువు, 2020లో ఎంఎంబీటీయూకు 2 డాలర్ల దగ్గరికి పడి, 2022లో 50 డాలర్లు దాటింది. ఆ రెండు అంచుల మధ్య మీ కొనుగోలుదారు ఎప్పుడు మీ దగ్గరికి వస్తాడో, ఎప్పుడు దిగుమతి వైపు తిరుగుతాడో ముందే ఊహించుకోవాలి.

నేను ఇచ్చే సలహా, ఉత్పత్తిలో మూడింట రెండు వంతులను ముడిచమురు ధరతో ముడిపెట్టి, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర రెండూ ఉన్న మూడు నుంచి అయిదేళ్ల ఒప్పందాల్లో పెట్టడం. గరిష్ఠ పరిమితికి ఒప్పుకోవడం వల్ల మంచి ఏడాదిలో కొంత వదులుకోవలసి వస్తుంది. చెడ్డ ఏడాదిలో తవ్వకం ఆగకుండా ఉండడం అంతకంటే విలువైనది. మిగిలిన వంతును 2020 జూన్‌లో మొదలైన ఇండియన్ గ్యాస్ ఎక్స్చేంజ్ ద్వారా గానీ, స్వల్పకాలిక వేలం ద్వారా గానీ అమ్మవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సరుకుల ఎక్స్చేంజ్ అయిన ఎంసీఎక్స్‌లో సహజవాయువు ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ధర ఖాయం చేసే ఒప్పందాలు) కొనుగోలు, అమ్మకాలు చేసేవారు మన నగరంలో చాలామంది ఉన్నారు కనుక, వాటితోనే ధరకు రక్షణ కల్పించుకోవచ్చన్న ఆలోచన పాలకమండలి సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ ఒప్పందాలు అమెరికాలోని లూసియానాలో ఉన్న హెన్రీ హబ్ అనే కేంద్రపు ధర ఆధారంగా పరిష్కారమవుతాయి. గోదావరి జిల్లాలో మీ వాయువు ధర అంతర్జాతీయ ప్రామాణికమైన బ్రెంట్ చమురు మీద ఆధారపడి ఉంటే, లూసియానాలోని ధర మీద పందెం కాయడం రక్షణ కాదు, మరో ప్రమాదాన్ని తలకెత్తుకోవడమే. మీ ఒప్పందం ఏ సూచికతో ముడిపడిందో ఆ సూచిక మీదే రక్షణ కొనాలి. అలా దొరకకపోతే తక్కువ అప్పు ఉంచుకోవడమే అసలైన రక్షణ.

అప్పు, భాగస్వామ్యం

సహజవాయు సంస్థల చరిత్రలో భూగర్భం మోసం చేసి కూలినవాటి కంటే అప్పు మోయలేక కూలినవే ఎక్కువ కనిపిస్తాయి. అమెరికాలో షేల్ వాయువుకు మారుపేరుగా నిలిచిన చెసాపీక్ ఎనర్జీ దేశంలోని అతిపెద్ద ఉత్పత్తిదారుల్లో ఒకటిగా ఎదిగి, 2020 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. దాని దగ్గర వాయువు లేక కాదు. భూమి లీజుల కోసం చేసిన అప్పు, తాను, తనలాంటివారు కలిసి పెంచిన ఉత్పత్తి వల్లే పడిపోయిన ధర, ఈ రెండింటి మధ్య నలిగింది. 2008లో 13 డాలర్ల దాకా వెళ్లిన హెన్రీ హబ్ ధర 2012 ఏప్రిల్‌లో 2 డాలర్ల లోపుకు పడింది. అప్పును చాలావరకు వదిలించుకుని ఆ సంస్థ తిరిగి నిలబడింది, 2024లో మరో వాయు సంస్థ సౌత్‌వెస్టర్న్‌తో కలిసి ఎక్స్‌పాండ్ ఎనర్జీ అయింది. కానీ మొదటి వాటాదారులకు దక్కింది ఏమీ లేదు.

మన తీరానికి దగ్గరి పాఠం కెనడాకు చెందిన నికో రిసోర్సెస్‌ది. ఆ స్వతంత్ర సంస్థకు కేజీ డీ6లో 10 శాతం వాటా ఉండేది. తొలి క్షేత్రాల ఉత్పత్తి దిగజారి ఆదాయం కుదించుకుపోయిన దశలో, అదే బ్లాకులో కొత్త క్షేత్రాల అభివృద్ధికి తన వంతు డబ్బు కట్టవలసి వచ్చింది. 2018లో కట్టలేకపోయింది. చివరికి వాటా మిగిలిన భాగస్వాములకు చేరింది, అదే బ్లాకులో 2020 డిసెంబరు నుంచి ఒక్కొక్కటిగా కొత్త క్షేత్రాలు ఉత్పత్తిలోకి వచ్చాయి. పాత్ర నిండే సమయానికి పట్టుకునే చేతిలో బలం లేకపోయింది. చిన్న సంస్థ పెద్ద క్షేత్రంలో చిన్న వాటా తీసుకున్నప్పుడు ఖర్చు వేగాన్ని నిర్ణయించేది తాను కాదన్న సంగతి ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి నాకు తెలియదు.

కాబట్టి ఏ ఉమ్మడి నిర్వహణ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందయినా మూడు నిబంధనలు వెతకండి: ఒక పనిలో చేరకుండా ఉండే హక్కు మీకుందా, నిర్వాహకుడు పంపే నగదు డిమాండుకు ఎన్ని రోజుల గడువుంది, కట్టలేకపోతే వాటా ఎంతమేరకు, ఎంత వేగంగా పోతుంది. సొంత డబ్బు చాలనప్పుడు వాటాలో కొంత భాగాన్ని మరొకరికి ఇచ్చి, దానికి బదులుగా బావి ఖర్చును వారితో భరింపజేయడం గౌరవప్రదమైన మార్గమే. 100 శాతం ఖాళీ చేతుల కంటే 40 శాతం పారే బావి మేలు. నిల్వలను తాకట్టు పెట్టి తీసుకునే అప్పును సాధారణంగా ఆరు నెలలకోసారి తిరిగి లెక్కిస్తారు, ధర పడినప్పుడు పరిమితి తగ్గిపోతుంది. అంటే డబ్బు అత్యవసరమైన రోజునే బ్యాంకు వెనక్కి అడుగుతుంది. ఈ పరిమితిలో సగానికి మించి ఎన్నడూ వాడుకోకూడదన్నది నా నియమం. ఇది అతిజాగ్రత్త అని కొందరు మిత్రులు వాదిస్తారు, నేను మార్చుకోలేదు.

ఎక్కడ పెరగాలి

డబ్బు, దారి, కొనుగోలుదారు ఖాయమైన తరువాత పెరిగే చోటు ఎంచుకోవడం చాలా తేలికవుతుంది. అన్నిటికంటే చవకైన వాయువు ఇప్పటికే తవ్విన బావుల్లో ఉంటుంది. బావి పైముఖం (వెల్‌హెడ్) దగ్గర ఒత్తిడి తగ్గించే కంప్రెషర్ పెట్టడం, బావి అడుగున చేరిన నీటిని తీయడం, వదిలేసిన పై పొరల్లో రంధ్రాలు చేసి చూడడం వంటి పనులకు కొత్త బావితో పోలిస్తే ఖర్చు ఎంతో తక్కువ. వీటి గురించి వార్తాపత్రికలు రాయవు, వాటా ధర పెరగదు. అందుకే నిర్లక్ష్యానికి గురవుతాయి. ఆ తరువాత ఇప్పుడున్న ప్లాంటుకు గొట్టం వేయగలిగినంత దూరంలోని కొత్త నిర్మాణాలు చూడాలి. ప్లాంటులో ఖాళీ సామర్థ్యం ఉన్నప్పుడు పక్క బావి నుంచి వచ్చే ప్రతి ఘనపు మీటరూ ఖర్చును పంచుకుంటుంది.

ఇతరులు వదిలేసిన క్షేత్రాలను కొనడం మూడవది. కోనసీమ తీరంలోని రవ్వ క్షేత్రాన్ని 1987లో కనుగొన్నది ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ. 1994లో ఉత్పత్తి పంపక ఒప్పందం కిందికి వచ్చిన ఆ క్షేత్రంలోకి 1996లో, అందులో వాటా ఉన్న కమాండ్ పెట్రోలియంను కొనడం ద్వారా ఎడిన్‌బరోకు చెందిన చమురు సంస్థ కెయిర్న్ ప్రవేశించింది. రవ్వ ఇచ్చిన ఆదాయం, భారతదేశంలో పని చేసిన అనుభవం దానికి నిలకడ ఇచ్చాయి. రాజస్థాన్‌లో షెల్ వదులుకున్న వాటాను కూడా తీసుకుని పట్టుదలగా తవ్వితే 2004లో మంగళ చమురు క్షేత్రం దొరికింది. ఒక నిలకడైన క్షేత్రం ఇచ్చే నగదుతో, పోయినా సంస్థ మునగనంత మొత్తాన్ని మాత్రమే అన్వేషణకు పెట్టడం అనే క్రమం ఇందులో ఉంది. కొత్త బ్లాకు అన్వేషణను చివరగా రాస్తున్నది అందుకే. దానికి ముందు పాత సర్వేల సమాచారాన్ని జాతీయ డేటా భాండాగారంలో చూసి, కొని, ఒక మంచి వివరణకారుడితో తిరిగి విశ్లేషింపజేయండి. భూమిలోకి కంపనాలు పంపి పొరలను చూసే కొత్త భూకంపన సర్వే ఖర్చుతో పోలిస్తే అది స్వల్పం.

ఈ అవకాశాలను పోల్చడానికి ఒకే కొలత వాడాలి. ఒక ఎంఎంబీటీయూ వాయువు అమ్మితే అన్ని ఖర్చులూ పోను మిగిలేదాన్ని, ఒక ఎంఎంబీటీయూ నిల్వను కొత్తగా సంపాదించడానికి అయిన ఖర్చుతో భాగించండి. ఫలితం 2 కంటే ఎక్కువగా ఉంటే ప్రతి రూపాయీ రెండుగా తిరిగి వస్తోందని అర్థం. 1 దగ్గర తచ్చాడుతుంటే ఉత్పత్తి ఎంత పెరిగినా వాటాదారుడు పెరగడు. అలాగే ఉత్పత్తిని మొత్తంగా కాక ఒక్కో వాటాకు ఎంత అని లెక్కించాలి, అప్పును కూడా వాటాలుగా మార్చి కలిపి మరీ. కొత్త వాటాలు జారీ చేసి కొన్న క్షేత్రం మొత్తం ఉత్పత్తిని పెంచి, ఒక్కో వాటా వెనుక ఉన్న వాయువును తగ్గించవచ్చు.

ఊరి అనుమతి

కోనసీమలో ఈ పని చేయదలిచినవారు పాశర్లపూడిని మరచిపోకూడదు. 1995 జనవరిలో అక్కడ బావి అదుపు తప్పి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే గ్రామంలో పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. తేమ ఉన్న వాయువు, తుప్పు పట్టిన గొట్టం చర్చకు వచ్చాయి. కొబ్బరితోటల మధ్య, ఇళ్ల పెరట్లకు ఆనుకుని బావులు ఉండే ప్రాంతం అది. నీటిని వేరు చేసే డీహైడ్రేషన్ యూనిట్, గొట్టం మందం కొలిచే వార్షిక తనిఖీ, లీకు గుర్తించే వ్యవస్థ అన్నవి ధర పడినప్పుడు కోత పెట్టే పద్దులో ఎన్నడూ ఉండకూడదు. మొదట చెప్పిన పట్టికలో వీటిని తరుగుదలను పూడ్చే బావుల కంటే పైన రాయండి. గ్రామస్థులకు వాసన వస్తే ఫోన్ చేయవలసిన నంబరు, రాత్రి 2 గంటలకు ఆ ఫోన్ ఎత్తే మనిషి ఖాయం కాకుండా వాయువు వదలకూడదు. బావి జీవితం ముగిశాక దాన్ని సిమెంటుతో మూసి భూమిని తిరిగి అప్పగించే ఖర్చుకు స్థల పునరుద్ధరణ నిధిలో ఏటా జమ చేయాలి. ఆ జమను ఖర్చుగానే చూడండి, చేతిలో ఉన్న నగదుగా కాదు.

పత్రం ఎలా ఉండాలి

పాలకమండలికి ఇచ్చే పత్రం 15 పేజీలు మించనక్కరలేదు. కొనుగోలుదారుల పటం, సంతకాలైన పరిమాణం, గొట్టపు సామర్థ్యం ముందు. తరుగుదల పట్టిక, 4, 6, 8 డాలర్ల ధరల దగ్గర నగదు లెక్క ఆ తరువాత. అప్పు పరిమితి, బావుల వరుస, నిల్వల నివేదిక చివర. ప్రతి బావి పక్కన దాన్ని వదిలేసే షరతును కూడా రాయించాలి: ఎంత లోతుకు, ఎంత ఖర్చుకు, ఎలాంటి పరీక్ష ఫలితానికి ఆపేస్తామో రిగ్గు రాకముందే అంకెల్లో ఉండాలి. 25 కోట్ల బావిలో 20 కోట్లు ఖర్చయ్యాక, ఇంకొక 200 మీటర్లు వెళితే దొరుకుతుందేమోనన్న ఆశ ఎంత బలంగా ఉంటుందో రిగ్గు దగ్గర నిలబడినవారికే తెలుసు. ఆ షరతుల కింద భూగర్భ విభాగాధిపతి, ఆర్థికాధికారి ఇద్దరూ సంతకం చేయాలి. రిగ్గును సైటుకు పిలిపించే ఉత్తర్వుతో ఆ కాగితాన్ని జతచేసి పంపించండి.